వాడిన విద్యుత్ కార్లు – వాని చార్జరు పరిమితి: ఒక చారిత్రక పరిశీలనము

పరదేశమునుండి దిగుమతియైన వాడిన విద్యుత్ కారును కొనదలచినవారు సాధారణముగా రెండు విషయములను విచారింతురు. బ్యాటరీ సత్తువ ఎంత మిగిలియున్నది? ఒకసారి నింపినచో బండి ఎన్ని కిలోమీటర్లు నడచును? ఈ రెండును అడుగవలసినవే. కాని మూడవ ప్రశ్న యొకటి గలదు. దానిని అడుగువారు అరుదు. ఇంటి గోడనుండి వచ్చు విద్యుత్తును ఆ కారు ఎంత వేగముగా స్వీకరింపగలదు? దీనికి సమాధానము గోడలోను లేదు, తీగలోను లేదు. అది బండిలోనే బిగింపబడిన యొక పెట్టెలో నున్నది. ఆ పెట్టెను ఆన్‌బోర్డ్ చార్జరు అందురు. దాని పరిమితి యెట్లు ఏర్పడెనో, ఒక దేశమున ఏర్పడిన పరిమితి మరియొక దేశమునకు వచ్చిన పిమ్మట ఏమగునో పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మాహూరు క్షేత్రమున నుండువారికి ఈ విచారణ యేల యని కొందరు అడుగవచ్చును. మాహూరు 1956 వరకు కిన్వట్ తాలూకాతోపాటు ఆదిలాబాదు జిల్లాలో నుండెను. రాష్ట్రముల పునర్విభజనతో నాందేడు జిల్లాలో చేరెను. ఎల్ల మారినను ఇండ్లలోని మాట మారలేదు. సరిహద్దు దాటిన ప్రతిదియు తన పుట్టింటి గుణమును కొంత వెంట దెచ్చునని మనకు వేరుగా చెప్పనక్కరలేదు. ఇక మన తెలుగువారు ఈనాడు సముద్రములు దాటి ఎన్నో దేశములలో నున్నారు. 1903 మొదలు మద్రాసు రేవునుండి ఫిజీ చెరకుతోటలకు పోయిన కూలీల సంతతివారు కొందరును, ఇటీవల హైదరాబాదు మొదలగు పట్టణములనుండి వెళ్ళినవారును న్యూజిలాండులో స్థిరపడిరి. అచ్చటి విద్యుత్ కార్లలో చాల భాగము జపానులో వాడి అమ్మినవి. కావున ఇది మన కుటుంబముల ఖర్చునకును, క్షేమమునకును సంబంధించిన విషయమే.

చార్జరు చేయు పని

ఇంటికి వచ్చునది ఏకాంతర విద్యుత్తు. దీనిని వాడుకలో ఏ.సి. యందురు. బ్యాటరీలో నిలువ యుండునది ఏకముఖ విద్యుత్తు, అనగా డి.సి. మొదటిదానిని రెండవదానిగా మార్చి, బ్యాటరీకి తగిన వోల్టేజితో అందించునదే చార్జరు. గోడకు తగిలించు పెట్టెను సామాన్యులు చార్జరు అని పిలుచుచున్నారు గాని, అది నిజముగా చార్జరు కాదు. అది భద్రముగా విద్యుత్తును అందించు ద్వారపాలకుడు మాత్రమే. ఆ పెట్టె సెకనుకు వేయిమారులు కొట్టుకొను ఒక చిన్న సంకేతమును తీగద్వారా పంపి, ‘ఇంతవరకు తీసికొనవచ్చును’ అని కారునకు తెలుపును. ఎంత తీసికొనవలెనో నిర్ణయించునది కారులోని చార్జరు. పెట్టె 32 ఆంపియర్లు ఇచ్చెదనన్నను, చార్జరు 15 ఆంపియర్లదైనచో 15 మాత్రమే తీసికొనును. కాలువ యెంత పెద్దదైనను తూము వెడల్పునుబట్టియే పొలమునకు నీరు దిగును గదా.

శీఘ్రముగా నింపు పెద్ద కేంద్రములలో మార్పు చేయు యంత్రము బయటనే యుండును. అక్కడ ఏకముఖ విద్యుత్తు తిన్నగా బ్యాటరీకి పోవును. ఆ దారి చార్జరును తాకదు. కావున ఒకే కారునకు రెండు దారులు, రెండు పరిమితులు గలవని గ్రహింపవలెను. మన విచారణ ఇంటి దారిని గూర్చినది.

చార్జరు బండిలోనికి వచ్చిన విధము

విద్యుత్ కార్లు క్రొత్తవి కావు. అమెరికాలో డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అను కారు 1907 నుండి అమ్మబడెను. ఆ కాలమున చార్జరు బండిలో లేదు. పీటర్ కూపర్ హ్యూవిట్ 1902లో కనిపెట్టిన పాదరసపు రెక్టిఫయరు కార్లషెడ్డు గోడకు నిలిచి యుండెడిది. గాజుబుడ్డిలో నీలికాంతితో వెలుగుచు అది ఏకాంతర విద్యుత్తును ఏకముఖముగా మార్చెడిది. అంత పెళుసైన, బరువైన సామగ్రిని బండిలో మోయుట సాధ్యము కాదు. 1912లో పెట్రోలు కార్లకు మీటతో కదలు స్టార్టరు వచ్చెను. క్రమముగా విద్యుత్ కార్లు వెనుకబడెను.

అవి మరల వెలుగులోనికి వచ్చినది 1990 తరువాతి దశకములో. జనరల్ మోటార్సు 1996లో తెచ్చిన ఇ.వి.1 కారునకు కూడ ముఖ్యమైన చార్జరు బయటనే యుండెను. ఒక పలకను బండి ముందరి చీలికలో దూర్చి, లోహస్పర్శ లేకుండ అయస్కాంతబలముతో విద్యుత్తును పంపెడివారు. ఇతర సంస్థలు సాధారణపు ప్లగ్గు పద్ధతిని అనుసరించెను. ఈ రెండు పద్ధతుల వివాదమును కాలిఫోర్నియా వాయువనరుల మండలి 2001లో తీర్చెను. ప్లగ్గు పద్ధతినే అది అంగీకరించెను. 2006 మోడలు నుండి చార్జరు బండిలోనే యుండవలెనని నియమించెను. ఆ చార్జరు కనీసము 3.3 కిలోవాట్లు ఇయ్యవలెనని, లేదా 4 గంటలలోపున బ్యాటరీని నింపగలిగినదై యుండవలెనని ఆ నిబంధనలు చెప్పుచున్నవి. 2010 జనవరిలో అమెరికా ఇంజినీర్ల సంఘము నేటి టైప్ 1 ప్లగ్గు ప్రమాణమును ప్రకటించెను. అదే సంవత్సరము డిసెంబరులో నిస్సాన్ లీఫ్ కారు జపాను, అమెరికా దేశములలో అమ్మకమునకు వచ్చెను. దాని బ్యాటరీ 24 యూనిట్లది. చార్జరు సుమారు 3.3 కిలోవాట్లది.

మూడు దేశముల లెక్క

ఈ 3 కిలోవాట్ల చుట్టునున్న సంఖ్య ఎచ్చటినుండి వచ్చినది? ఇది ఏ ఇంజినీరు తలపునందో పుట్టిన సంఖ్య కాదు. ఒక్కొక్క దేశపు ఇండ్లలో విద్యుత్తు ఎట్లు ప్రవేశించెనో దానినిబట్టి వచ్చినది.

టోక్యో నగరమున 1887లో విద్యుత్తు సరఫరా ఆరంభమయ్యెను. ఎడిసన్ దీపముల కాలపు తక్కువ వోల్టేజియే జపానులో నిలిచిపోయెను. నేటికిని అక్కడి ఇండ్లలో 100 వోల్టులే. పెద్ద యంత్రములకు మాత్రము రెండు 100 తీగలను కలిపి 200 వోల్టులు తీసికొందురు. టోక్యో 1895లో జర్మనీనుండియు, ఒసాకా 1897లో అమెరికానుండియు జనరేటర్లు తెచ్చుకొనుటచేత ఆ దేశపు తూర్పుభాగమున 50, పడమటిభాగమున 60 ఆవృత్తుల విద్యుత్తు ఈనాటికిని ప్రవహించుచున్నది. నూరేండ్లనాటి కొనుగోలు ఒకటి దేశమును రెండుగా చీల్చినదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? ఇక తూర్పు జపానున గృహస్థుడు విద్యుత్తు సంస్థతో 10 మొదలు 60 ఆంపియర్లవరకు, 100 వోల్టుల లెక్కన, ఒప్పందము చేసికొనును. 60 ఆంపియర్లనగా 6 కిలోవాట్లు. అట్టి ఇంటిలో కారునకు 200 వోల్టులు, 15 ఆంపియర్ల ప్రత్యేక సాకెట్టు పెట్టినచో 3 కిలోవాట్లగును. మొత్తము ఒప్పందములో సగము కారే త్రాగును. అంతకుమించి యిచ్చినచో అన్నము వండు కుక్కరుకును, గదిని వెచ్చచేయు యంత్రమునకును చోటుండదు. జపాను కార్లకు 3 కిలోవాట్ల చార్జరు సరిపోవునని తలచుటకు ఇది చాలిన కారణము.

అమెరికాలో గంటల తరబడి సాగు వాడుకకు సర్క్యూటు సామర్థ్యములో నూటికి 80 పాళ్ళు మాత్రమే వాడవలెనని విద్యుత్ నియమావళి చెప్పును. 20 ఆంపియర్ల సర్క్యూటునుండి 16 మాత్రమే. వ్యాపారభవనములలోని 208 వోల్టులతో 16ను గుణించినచో 3,328 వాట్లు, అనగా 3.3 కిలోవాట్లు.

మన దేశమున సంగతి వేరు. బెర్లిను విద్యుత్ సంస్థ 1899లో తన సరఫరాను 110 నుండి 220 వోల్టులకు పెంచెను. వోల్టేజి రెట్టింపైనచో అదే శక్తికి ప్రవాహము సగమగును, రాగి ఖర్చు తగ్గును. ఐరోపాలో ఈ పద్ధతి వ్యాపించెను. బ్రిటిషువారి సంబంధముచేత మనకు 230 వోల్టులును, లావుపాటి మూడు పిన్నుల 15 ఆంపియర్ల పవర్ ప్లగ్గును వచ్చినవి. డార్జిలింగులో 1897లోను, కలకత్తాలో 1899లోను విద్యుద్దీపములు వెలిగెను. హైదరాబాదున హుస్సేన్‌సాగర్ విద్యుత్కేంద్రము 1920 నాటిది. ఇస్త్రీపెట్టెకును, నీళ్ళు కాచు గీజరుకును మనము వాడు ఆ ప్లగ్గునుండి 230ని 15తో గుణించినంత, అనగా 3,450 వాట్లు వచ్చును. ఇట్లు మూడు దేశములలో మూడు దారుల నడచి, మూడు లెక్కలును దాదాపు ఒకే చోటికి చేరినవి. 3 కిలోవాట్ల చార్జరు పుట్టింటి గోడలోని ప్లగ్గునకు ప్రతిబింబమని దీనినిబట్టి చెప్పవచ్చును.

సముద్రము దాటిన పిమ్మట

జపానులో రోడ్డుకు ఎడమప్రక్క బండ్లు నడచును, స్టీరింగు కుడివైపున నుండును. కావున అక్కడ వాడిన కార్లు న్యూజిలాండు, ఫిజీ, శ్రీలంక, మారిషసు మొదలగు దేశములకు పోవును. న్యూజిలాండు 1998లో కార్లపై సుంకమును ఎత్తివేసెను. ఆ సంవత్సరమే అక్కడి కార్ల కర్మాగారములు మూతపడెను. విద్యుత్ కార్లకు 2009 నుండి 2024 మార్చి 31 వరకు రోడ్డు వినియోగ రుసుము లేకుండెను. 2021 జూలై నుండి 2023 డిసెంబరు వరకు కొనుగోలుదారులకు ప్రభుత్వము నగదు రాయితీ కూడ ఇచ్చెను. ఈ కారణములచేత జపాను లీఫ్ కార్లు అక్కడ విస్తారముగా దిగెను. కాని ఆ దేశపు ఇండ్లలో 230 వోల్టులు గలవు. గోడకు పెట్టు సాధారణపు పెట్టె 32 ఆంపియర్లది. లెక్కకు అది సుమారు 7.4 కిలోవాట్లు ఇయ్యగలదు.

నావద్ద తెలుగు చదివిన విద్యార్థి యొకడు ఆక్లండులో 2014 నాటి జపాను లీఫును కొనెను. ఇంటి పెట్టె పెట్టించుకొన్నచో నాలుగు గంటలలో నిండునని అమ్మినవారు చెప్పిరట. అతడు ఎలక్ట్రీషియనుకు తగిన కూలి యిచ్చి 32 ఆంపియర్ల పెట్టెను పెట్టించెను. బండి నిండుటకు మునుపటివలెనే రాత్రి యంతయు పట్టెను. పెట్టె చెడినదని తలచి మరల మనిషిని పిలిపించెను. అతనికిని డబ్బు పోయెను. చివరకు నాకు ఫోను చేసి, “డబ్బ మంచిగనే ఉంది సార్, బండే గుంజుతలేదు” అనెను. ఇంతకంటె సూటిగా ఈ విషయమును ఏ ఇంజినీరును చెప్పలేడు. 3.3 కిలోవాట్ల చార్జరు గల బండికి 7.4 కిలోవాట్ల పెట్టె పెట్టుట, చిన్న తూమునకు పెద్ద కాలువ త్రవ్వుటయే.

అమెరికానుండి ఐరోపాకు పోయిన వాడిన కార్లకు మరియొక చిక్కు గలదు. జర్మనీ మొదలగు దేశములలో ఇండ్లకు మూడు ఫేజుల విద్యుత్తు వచ్చుట సామాన్యము. అక్కడి 11 కిలోవాట్ల పెట్టె ఒక్కొక్క ఫేజుకు 16 ఆంపియర్ల చొప్పున మూడింటినుండి ఇచ్చును. అమెరికా కారులోని చార్జరు ఒక ఫేజునే ఎరుగును. అది 48 ఆంపియర్లు త్రాగగల పెద్ద చార్జరైనను, ఒక్క ఫేజులోని 16 ఆంపియర్లతో, అనగా 3.7 కిలోవాట్లతో, తృప్తిపడవలసినదే. దీనికి ఎదురుగా ఫ్రాన్సులో పుట్టిన రెనో జోయీ కారు 2013లోనే మూడు ఫేజులనుండి 43 కిలోవాట్లవరకు స్వీకరించెను. పుట్టిన ఇంటి తీగలే ఈ రెంటికిని గల భేదమునకు మూలము.

ప్లగ్గు ఆకారము కూడ ఇట్టిదే. జపాను కార్లది టైప్ 1. ఐరోపా సంఘము 2013లో ఎన్నుకొన్నది టైప్ 2. న్యూజిలాండులోని బహిరంగ సాకెట్లు కూడ టైప్ 2వి కనుక, లీఫు యజమాని తగిన తీగను వెంట నుంచుకొనవలెను. తీగ మార్చినంతమాత్రమున వేగము పెరుగదు. శీఘ్రకేంద్రములలో లీఫు వాడునది జపాను సంస్థలు 2010లో స్థాపించిన షాడెమో పద్ధతి. నిస్సాన్ సంస్థయే తన ఆరియా కారును ఐరోపా, అమెరికాలలో వేరొక ప్లగ్గుతో అమ్మెను. షాడెమో కేంద్రములు తగ్గుకొలది ఇంటి దారియే ముఖ్యమగును. కావున చార్జరు పరిమితి నానాటికి మరింత బరువగును.

అన్నిటికంటె భయపడవలసినది వేగము తగ్గుట కాదు, అగ్ని. జపాను కారుతో వచ్చిన తీగ జపాను సాకెట్టునకు చేయబడినది. దాని ప్లగ్గు కోసి వేరొకటి బిగించుట, అడాప్టరు తగిలించుట తగవు. న్యూజిలాండు ప్రభుత్వ భద్రతాశాఖ కూడ దీనిని వారించినది.

మన దేశపు సంగతి

భారతదేశమునకు వాడిన కార్ల దిగుమతి అరుదు. మూడు సంవత్సరములకు మించి పాతబడిన కారును నిబంధనలు రానీయవు, సుంకమును అధికము. అయినను ఈ చరిత్ర మనకు అన్యము కాదు. 2017లో ప్రభుత్వము రూపొందించిన భారత్ ఏ.సి. చార్జరు ఒక్కొక్క ద్వారమునుండి 15 ఆంపియర్లు, 3.3 కిలోవాట్లు ఇచ్చునట్టిది. 2020 జనవరిలో వచ్చిన టాటా నెక్సాన్ ఇ.వి. కారున 30.2 యూనిట్ల బ్యాటరీకి 3.3 కిలోవాట్ల చార్జరు అమర్చిరి. 2022 మేలో వచ్చిన నెక్సాన్ మాక్స్ బ్యాటరీ 40.5 యూనిట్లది, దానికి 3.3 గాని, 7.2 గాని కొనువాడు కోరుకొనవచ్చెను. బయటికి రెండు బండ్లును ఒకే తీరున కనబడును. వాడిన కార్ల సంతలో ఆ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపినచో, ఒకటి ఆరు గంటలలో నిండును. మరియొకటికి లెక్కప్రకారమే పన్నెండు గంటలు దాటును, మార్పులో పోవు విద్యుత్తును కలిపినచో ఇంకను ఎక్కువ. నాందేడులో కొన్నను, నిజామాబాదులో కొన్నను ఈ ప్రశ్న తప్పదు.

మన ఇండ్లలో మరియొక సంగతి గమనింపవలెను. గీజరు అరగంటలో ఆగును. కారు ఎనిమిది, పది గంటలు ఎడతెగక అదే ప్రవాహమును లాగును. అరగంట ఓర్చుకొన్న పాత తీగ పది గంటలు ఓర్చుకొనదు. సడలిన సాకెట్టు నల్లబడును, కరగును. 3.3 కిలోవాట్ల చిన్న చార్జరైనను మీటరునుండి విడిగా తీసిన తీగ, ఎర్తు, లీకేజిని పట్టు బ్రేకరు ఆవశ్యకములు. గోడపెట్టెకు ఖర్చు పెట్టుట ఈ క్షేమమునకైనచో సార్థకము. వేగమునకైనచో ముందు బండి సంఖ్యను చూడవలెను.

విచారింపవలసిన విషయములు

పైనుడివిన చరిత్రనుండి కొనుగోలుదారు గ్రహింపవలసినవి కొన్ని గలవు. బండి ఏ దేశపు ఇండ్లకై చేయబడెను? చార్జరు ఎన్ని కిలోవాట్లది? అది ఒక ఫేజుదా, మూడు ఫేజులదా? లీఫ్ కార్లలో మొదటి నమూనాలయందు చార్జరు వెనుకసీటు వెనుక మిట్టవలె నుండును; 2012 చివర జపానులో వచ్చిన నమూనానుండి ముందరిభాగమునకు చేరెను. అమెరికాలో 2013 మోడలునుండి 6.6 కిలోవాట్ల చార్జరు దొరకెను. అదే కాలపు జపాను కార్లలో చాలమట్టుకు 3 కిలోవాట్లదే. కావున సంవత్సరమును చూచి సామర్థ్యమును ఊహింపరాదు. అమ్మువాని మాటను కాగితముపై వ్రాయించుకొనుట మేలు. నమ్మకము లేనిచో ఒక గంట చార్జింగు పెట్టి, మీటరులో ఎన్ని యూనిట్లు తిరిగెనో చూచినచో నిజము తేలును. చార్జరును తీసి పెద్దది పెట్టించుట చాల ఖర్చుతో కూడినది. దానిని నమ్ముకొని కొనరాదు.

అయితే చిన్న చార్జరుగల బండి చెడ్డదని ఎంచరాదు. 3 కిలోవాట్ల చొప్పున పది గంటల రాత్రిలో 30 యూనిట్లు గోడనుండి వచ్చును. యూనిటుకు ఆరు కిలోమీటర్లని తలచినచో, కొంత వృథా పోగా, 150 కిలోమీటర్లకు పైగా నడచును. దినమునకు ముప్పది, నలుబది కిలోమీటర్లు తిరుగు ఉద్యోగికి ఇది చాలును. తక్కువ ధరకు దొరకినచో లాభమే. రాత్రి ఇంటికి వచ్చి, వెంటనే దూరప్రయాణమునకు పోవలసినవానికి, అద్దెకు బండి నడుపువానికి మాత్రము ఇది పనికిరాదు. కావున నిర్ణయించవలసినది చార్జరు పెద్దదా చిన్నదా యని కాదు. మన దినచర్యకు తగునా కాదా యని.

ప్లగ్గులు, తీగలు, వోల్టులు సామాన్యవస్తువులుగా కనబడును. కాని ఒక్కొక్క దేశము నూరేండ్లక్రిందట చేసిన నిర్ణయములు వానిలో దాగియున్నవి. తెలియక కొన్నవాడు వాని మూల్యమును నేడు చెల్లించుచున్నాడు. పరదేశములలోని మన పిల్లలకును, ఇచ్చట వాడిన బండ్లు కొనువారికిని పెద్దలు ఈ మూడవ ప్రశ్నను జ్ఞాపకము చేయుదురుగాక.